చిట్టీ, ఆ పొద్దుటి ఫ్లైట్ టికెట్ మార్చుకో

విజయవాడ

చిట్టీ,

నీ పరిశోధన పేపరు ఢిల్లీ సదస్సులో తీసుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే మీ పెదనాన్న వీధి వీధంతా చెప్పొచ్చారు. కొల్లేరు నీళ్ల గురించి మన ఇంటి పిల్ల భారత్ మండపంలో నిలబడి మాట్లాడుతుందంటే మాటలా! కైకలూరు చెరువు గట్ల మీద ఎండలో తిరిగి ఎలా అయిపోయావో చూడమని నిన్ను తిట్టింది నేనే. ఆ తిట్లు మాత్రం వెనక్కి తీసుకోను. టోపీ పెట్టుకుని తిరగమన్నాను, అంతే కదా.

ఆ తరవాత మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. మధ్యాహ్నం రెండింటికి పేపరు పెట్టుకుని, అదే రోజు పొద్దున గన్నవరంలో ఫ్లైట్ ఎక్కుతున్నావట. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందట. ఇక నాకు నిద్రెక్కడిది? జనవరిలో, ఢిల్లీకి, అదే రోజు!

సంక్రాంతి రోజుల్లో మన కరకట్ట మీద కనిపించే పొగమంచు చూసి అక్కడా అంతే అనుకోకు. ఇక్కడ తొమ్మిదయ్యేసరికి ఎండొచ్చి తీసుకుపోతుంది. అక్కడ గాలి కదలదు, రాత్రంతా నేల చల్లబడి తేమంతా కిందే పేరుకుంటుంది, దానికి ఊరి పొగ తోడు. దాదాపు ఏమీ కనబడనప్పుడు కూడా విమానం దించే ఏర్పాట్లు ఢిల్లీలో ఉన్నాయని నువ్వంటావు, నాకూ తెలుసు. కానీ ఆ విమానానికీ ఆ పైలట్‌కీ కూడా ఆ అర్హత ఉండాలి. ఉన్నా ఒకదాని వెనక ఒకటి ఎడం ఇచ్చి దించుతారు కాబట్టి ఆలస్యం తప్పదు. ఒక్కోసారి జైపూర్‌కో లక్నోకో మళ్లిస్తారు. పైగా నీ మీటింగు రిపబ్లిక్ డే ముందు వారంలో. ఆ రోజుల్లో పొద్దున పూట కొన్ని గంటలు ఢిల్లీ మీద విమానాలనే ఎగరనివ్వరు.

మా మాస్టారి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేరు కాబట్టి చెబుతున్నాను.

1988 జనవరి. నేను కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ని, ఆయన మా డిపార్ట్‌మెంట్‌లో పెద్ద. ఢిల్లీలో సదస్సు, ఆయన పేపరు మధ్యాహ్నం. కాస్త నేర్చుకుంటారని నన్నూ ఇంకో అమ్మాయినీ వెంటబెట్టుకు వెళ్లారు. జీ.టీ. ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే ఢిల్లీ చేరుతుంది, స్టేషన్లో మొహం కడుక్కుని నేరుగా హాలుకి వెళ్లిపోవచ్చని ఆయన లెక్క. ముందు రోజు బయల్దేరదామని ఆ అమ్మాయి అంటే, "ఒక రోజు సెలవు దండగ" అన్నారు. ఆయన మాటకి ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు.

ఆగ్రా దాకా బాగానే వచ్చాం. మధుర దాటాక బండి నడక మారింది. కాసేపు వెళ్లడం, ఆగడం. కిటికీ తీస్తే పక్క పట్టా కూడా కనబడలేదు. ఉన్నట్టుండి చక్రాల కింద ఢామ్మని పేలింది, వెంటనే ఇంకోటి. పెట్టెలో ఆడవాళ్లు దేవుణ్ణి తలుచుకున్నారు. తరవాత టీటీ వచ్చి చెప్పాడు: సిగ్నల్ కనబడదు కాబట్టి దానికి కొంత దూరం ముందు పట్టా మీద టపాకాయల్లాంటివి పెడతారట, ఆ చప్పుడు వింటే ముందు సిగ్నల్ ఉందని డ్రైవర్‌కి తెలుస్తుందట. ఇప్పుడు డ్రైవర్ దగ్గర జీపీఎస్ పరికరం ఉండి సిగ్నల్ దగ్గరపడుతోందని అదే చెబుతుంది. అయినా జనవరి బళ్లు ఆలస్యంగానే నడుస్తున్నాయి, పేపర్లో చూస్తూనే ఉన్నా.

మాస్టారు రాత్రే కోటు వేసుకుని కూర్చున్నారు. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే ట్రాన్స్‌పరెన్సీల ఫైలు ఒళ్లోనే. ఎనిమిదయింది, పదయింది. పల్వల్ దగ్గర రెండు గంటలు కదల్లేదు. పన్నెండింటికి ఆయన వాచీ విప్పి జేబులో వేసుకున్నారు. మేం హాలుకి చేరేసరికి అయిదు. అధ్యక్షత వహించిన ఆయన మర్యాదగానే చెప్పాడు, "మీ పేరు రెండుసార్లు పిలిచామండీ" అని. బయట టీ కప్పులు సర్దుతున్నారు. రీసెర్చి కుర్రాడెవరో జాలిపడి అడిగితే, మాస్టారు ఆ షీట్లు ఒక్కొక్కటీ ట్యూబ్‌లైటుకి ఎత్తిపట్టి అతనికి మొత్తం పేపరు చెప్పారు. ఇరవై నిమిషాలు. అంత బాగా ఆయన క్లాసులో కూడా చెప్పగా నేను వినలేదు.

బెజవాడ వచ్చాక స్టాఫ్‌రూమ్‌లో అందరూ "ఎలా జరిగింది సార్?" అని అడిగారు. "బ్రహ్మాండంగా" అన్నారు. నేను తలూపాను. మళ్లీ ఆయన ఏ సదస్సుకీ వెళ్లలేదు. పంపుతామన్నా ఏదో పని చెప్పేవారు.

అందుకే ముందు రోజు మధ్యాహ్నం దిగే ఫ్లైట్‌కి మార్చుకో. దీని మీద బేరాల్లేవు.

భారత్ మండపానికి దారి చెబుతాను రాసుకో. టెర్మినల్ 3లో దిగితే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఉంది, ఇరవై నిమిషాల్లో న్యూఢిల్లీ స్టేషన్. అక్కడ ఎల్లో లైనుకి మారి ఒక్క స్టేషన్ వెళ్తే రాజీవ్ చౌక్. అక్కడ బ్లూ లైనులో నోయిడా బండో వైశాలి బండో, ఏదెక్కినా ఫర్వాలేదు, మూడో స్టేషన్‌లో దిగు. ఒకప్పుడు దాని పేరు ప్రగతి మైదాన్, ఇప్పుడు బోర్డు మీద సుప్రీంకోర్ట్ అని ఉంటుంది, కంగారు పడకు. టెర్మినల్ 1 అయితే మెజెంటా లైను, దారి వేరు. టికెట్ మీద టెర్మినల్ చూసుకో. మొదటి పెట్టె ఆడవాళ్లది. రాజీవ్ చౌక్‌లో సాయంత్రం పూట ఆ పెట్టె కూడా కిటకిటలాడుతుంది, బ్యాగు ముందుకి వేసుకో. హాలుకి ఏ గేటో పిలుపు కాగితంలో చూసుకో. 123 ఎకరాల ఆవరణ అది, తప్పు గేటు దగ్గర దిగితే నడవలేక ఏడుస్తావు. 23న పెరేడ్ ఫుల్ డ్రెస్ రిహార్సల్, చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, క్యాబ్ నమ్ముకోకు.

స్టేషన్ దగ్గర ఎవడైనా వచ్చి నీ హోటల్ మూసేశారనో ఆ రోడ్డులో గొడవలనో చెబితే వినకుండా నడిచిపో. హోటల్‌కి నువ్వే ఫోన్ చేసి కనుక్కో.

ఇక చలి. మన దగ్గర శాలువా కప్పుకుంటే చాలు, అక్కడ చాలదు. ఒక మందపాటి స్వెటర్ కన్నా లోపల థర్మల్స్, పైన పల్చనివి రెండు మూడు వేసుకుంటే నయం, హాల్లో ఒకటి తీసెయ్యొచ్చు. కొబ్బరినూనె గడ్డకట్టి సీసాలోంచి రాదు, వాజ్‌లైన్ పట్టుకెళ్లు. హోటల్ గదులు కూడా చల్లగా ఉంటాయి. గదిలో ఎలక్ట్రిక్ హీటరు ఉందో లేదో ముందే అడుగు. లేదంటే దుప్పట్లు అడుగు కానీ, బొగ్గుల కుంపటి ఎవరు తెచ్చిచ్చినా గదిలో పెట్టనివ్వకు. తలుపులు వేసుకుని కుంపటి పెట్టుకుని నిద్రలోనే పోయినవాళ్లు అక్కడ ప్రతి చలికాలం ఉంటారు. ఆ బొగ్గుల నుంచి వచ్చే విషపు గ్యాస్‌కి వాసన ఉండదని సైన్సు చదివినదానివి నీకు తెలుసు. తెలిసినా చెబుతాను, నా భయం నాది.

తిండికి బెంగలేదు. అశోకా రోడ్డులో ఆంధ్రాభవన్ క్యాంటీన్ ఉంది, పప్పూ పొడీ నెయ్యీ దొరుకుతాయి. ఆదివారం బిర్యానీకి లైను పెద్దది. అయితే మాట్లాడే రోజు భోజనం తక్కువ తిను, రెండింటికి నిద్రొస్తుంది. సోమవారం ఎర్రకోట మూసేస్తారు, శుక్రవారం తాజ్‌మహల్ ఉండదు. తిరగడం ఆ లెక్కన చూసుకో. పేపరు పెన్‌డ్రైవ్‌లోనూ మెయిల్లోనూ కూడా పెట్టుకో.

హోటల్ డబ్బు నీ ఫోన్‌కి పంపుతున్నాను. మీ అమ్మకి చెప్పకు, పాడుచేస్తున్నానని నన్ను కేకలేస్తుంది. టికెట్ మారాక దాని ఫోటో పెట్టు. మాటతో నమ్మను.

మీ పెద్దమ్మ