పాతవి రెండు కలిస్తే

అనంతపురం

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. "కరువు మీద పెద్దవాళ్లంతా రాసేశారు, నాకేం మిగిలింది అన్నా" అని అడిగావు. ఎవరూ ముట్టని విషయం కోసం వెతుక్కుంటూ కూర్చోకు. నీకు బాగా తెలిసిన రెండు సంగతులు తీసుకుని, ఇంతవరకూ ఒకే కథలో కలిశాయా అని చూడు.

ధర్మవరం దగ్గరున్న నిమ్మలకుంటకు ఒకసారి వెళ్లిరా. అక్కడ తోలుబొమ్మలాట కోసం మేకతోలును పలచగా గీకి, బొమ్మ గీసి, నగలు ఉండేచోట ఉలితో సన్నటి చిల్లులు కొట్టి రంగులద్దుతారు. వెనక దీపం పెడితే తెర మీద సీత మెడలో హారం తళతళలాడుతుంది. సినిమాలు, టీవీలు వచ్చి ఆటలు తగ్గిపోయాక ఆ కళాకారులు అదే తోలుతో లాంప్‌షేడ్లు చేయసాగారు. తోలూ పాతదే, దీపమూ పాతదే. ఆటబొమ్మకైతే చేతులు కదలాలి, అందుకని కీళ్ల దగ్గర విడి ముక్కలు కలిపి కడతారు. లాంప్‌షేడ్‌కు ఆ కదలికతో పనిలేదు, వదిలేశారు. చిల్లుల్లోంచి వచ్చే వెలుగును మాత్రం వదల్లేదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అని తేల్చుకోవడంలోనే ఉంది కష్టమంతా. కొత్తగా రాసేవాళ్లు అన్నీ ఉంచేసుకుంటారు.

ఇక నీ కథలు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింట్ చూసే పెద్దాయన మీద ఒకటి, నువ్వు పనిచేసే బ్యాంకు పంట రుణాల మీద ఒకటి పంపావు. విడివిడిగా రెండూ చప్పగా ఉన్నాయి. పెద్దాయననూ, బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్‌నూ ఒకే రైతు చేనిగట్టు మీద నిలబెట్టు. ఒకాయన నేల కింద నీళ్లున్నాయా అని చూస్తాడు, ఇంకొకాయన ఆ నేల మీద ఇచ్చే అప్పు తిరిగొస్తుందా అని చూస్తాడు. ఇద్దరి నోటి మాట కోసమూ రైతు టెన్షన్‌తో ఎదురుచూస్తుంటాడు. నీళ్లు పడకపోయినా పాయింట్ డబ్బులూ, బ్యాంకు వడ్డీ కట్టాల్సింది అతనే. ఇది నువ్వే రాయగలవు.

ఏ రెండు పడితే ఆ రెండు కుదరవు. వేరుశనగలో కంది సాళ్లు ఎందుకేస్తారో నీకు చెప్పాలా? కంది వేరు లోతుకు పోతుంది, వేరుశనగ పెరికేశాక కూడా నిలబడి కాస్తుంది. కరువునూ వలసనూ ఊరికే పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఏడుపు ఏడుస్తాయి.

బ్యాంకు నీకు లోపలి నుంచి తెలుసు, పెద్దాయన అంతగా తెలియడు. ముందు ఆయన దగ్గర కూర్చో. కాయ ఎట్లా పట్టుకుంటాడు, ఎంత తీసుకుంటాడు, నీళ్లు పడని ఊరికి మళ్లీ ఏ ముఖంతో పోతాడు, అన్నీ అడిగి రాసుకో. కథ పూర్తయ్యాక నాకు పంపు.

ఇట్లు,
నీ అన్న