సీటు చేతికి రాకముందే నాన్నగారి ఇంటిపై అప్పు వద్దు

ప్రశ్న: నా వయసు 29. ఇంటర్ తర్వాత గుంటూరు నుంచి మెల్‌బోర్న్ వచ్చి ఇక్కడే ఫార్మసీ డిగ్రీ చేశాను. ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మూడేళ్ల కిందట ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, అంటే పీఆర్ వచ్చింది. పన్నులు పోగా నాకు నెలకు 5,900 ఆస్ట్రేలియా డాలర్లు, వారానికి మూడు రోజులు పనిచేసే నా భార్యకు 2,400 డాలర్లు వస్తాయి. మాకు రెండేళ్ల బాబు. ఇంటి ఖర్చు 5,200, గుంటూరుకు పంపేది 800 పోగా 2,300 డాలర్లు మిగులుతాయి. బ్యాంకులో 38,000 డాలర్లు ఉన్నాయి. డిగ్రీ పూర్తయినవారు చేరే నాలుగేళ్ల వైద్య కోర్సు చదవాలని నా కోరిక. కిందటిసారి దాని ప్రవేశ పరీక్ష గామ్‌సాట్‌లో 61 వచ్చింది, డిగ్రీ మార్కుల సగటు జీపీఏ ఏడుకు 6.3. వచ్చే మార్చిలో 66 తెచ్చుకుంటే సీటు ఖాయమని కోచింగ్ సంస్థ వాళ్లు అంటున్నారు. ఉద్యోగం మానేసి పూర్తి సమయం చదవాలనుకుంటున్నాను. ఫీజులకు, ఇంటి ఖర్చులకు నాన్నగారు గుంటూరులోని ఇంటిని తనఖా పెట్టి, తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 60 లక్షలు తెస్తామంటున్నారు. డాక్టరయ్యాక రెండేళ్లలో తీర్చేస్తాను. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: కాదు. మీరు డాక్టరు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. 29 ఏళ్లు ఈ కోర్సుకు పెద్ద వయసు కూడా కాదు. తప్పంతా వరుసలో ఉంది. మొదట అప్పు, తర్వాత ఉద్యోగానికి రాజీనామా, ఆ తర్వాత పరీక్ష, చివరికి సీటు అంటున్నారు. ఇదే వరుసలో ప్రణాళిక వేసుకున్న ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి కాబట్టే మీ ఉత్తరాన్ని ఎంచుకుని వివరంగా రాస్తున్నాను.

ముందుగా 66 సంగతి. గామ్‌సాట్‌కు పాస్ మార్కు అంటూ ఉండదు. చాలా కళాశాలలు ప్రతి విభాగంలో కనీసం 50 అడుగుతాయి, అది గుమ్మం మాత్రమే. ఆ పైన జీపీఏను, గామ్‌సాట్‌ను కలిపి అభ్యర్థులను వరుసలో నిలబెట్టి ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఇంటర్వ్యూ అయ్యాక ఆ మార్కులనూ కలిపి సీటు ఇస్తారు. కలిపే తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. సైన్సు విభాగానికి రెట్టింపు విలువ ఇచ్చేవారున్నారు, మూడు విభాగాలనూ సమానంగా చూసేవారున్నారు. డిగ్రీలో చివరి ఏడాది మార్కులను ఎక్కువగా లెక్కించే చోట్లు కొన్ని, అన్ని ఏళ్లనూ ఒకేలా లెక్కించేవి కొన్ని. పల్లె ప్రాంతాల్లో ఏళ్ల తరబడి పెరిగినవారికి విడిగా కేటాయించిన సీట్లుంటాయి, అవి మీకు వర్తించవు. చాలా కళాశాలలకు ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ అయిన జెమ్‌సాస్ ద్వారా ఆరు ఎంపికలు రాసినా మీకు వచ్చే ఇంటర్వ్యూ ఒక్కటే. సిడ్నీ, ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయాలకు విడిగా దరఖాస్తు చేయాలి. అందుకే ఏ మార్కుకు ఏ కళాశాలలో సీటు ఖాయమో ముందుగా ఎవరూ చెప్పలేరు. మీ మార్కు ఎంత అన్నదానితో పాటు ఆ ఏడాది మీ పక్కన ఎవరు నిలబడ్డారన్నదీ లెక్కలోకి వస్తుంది. ఖాయమని చెప్పే కోచింగ్ సంస్థకు ఫీజు కట్టే ముందు మరోసారి ఆలోచించండి.

ఈ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ ఉంటుంది. ఒకసారి వచ్చిన మార్కు నాలుగేళ్లు చెల్లుతుంది. అంటే మీ 61 ఇంకా మీ చేతిలోనే ఉంది. మార్చి ఫలితం మేలో వస్తుంది, దరఖాస్తులూ దాదాపు అప్పుడే. ఇంటర్వ్యూలు సెప్టెంబరు ప్రాంతంలో జరుగుతాయి, సీట్లు సంవత్సరాంతానికి ముందే తెలుస్తాయి, తరగతులు మరుసటి ఏడాది మొదట్లో మొదలవుతాయి. సీటు వచ్చినట్టు తెలిశాక రాజీనామా నోటీసు ఇవ్వడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. మరి ఇప్పుడే ఉద్యోగం మానేయడం దేనికి? దాదాపు 20 నెలల జీతం వదులుకుంటున్నారు. ఈసారి సీటు రాకపోతే ఇంకో ఏడాది జీతం కూడా పోతుంది. మీకు కావలసింది చదువుకునే సమయమే అయితే మార్చికి ముందు మూడు నెలల పాటు వారానికి ఒక రోజు పని తగ్గించుకోండి. ఆ రోజును నిజంగా చదువుకే కేటాయించండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఒక చిన్న మాట. ‘పీఆర్ వచ్చింది’ అని రాసి ఊరుకున్నారు. పదేళ్లకు పైగా అక్కడ ఉంటున్నారు, పీఆర్ వచ్చి మూడేళ్లయింది, ఇంకా పౌరసత్వానికి దరఖాస్తు చేయలేదా? పీఆర్ ఉన్నవారికి ప్రభుత్వ రాయితీ సీటు వస్తుంది, కానీ విద్యార్థి వాటా ఫీజుకు ప్రభుత్వమిచ్చే హెక్స్-హెల్ప్ రుణం రాదు. విద్యార్థి వాటాగా ఏడాదికి సుమారు 13 వేల డాలర్లు ముందే చేతి నుంచి కట్టాలి. నాలుగేళ్లకు యాభై వేలు దాటుతుంది. అదే సీటు, అదే తరగతి గది, పక్క బెంచీలో కూర్చున్న పౌరుడు ఒక్క డాలరు కూడా ముందుగా కట్టడు. అతని రుణానికి వడ్డీ ఉండదు. ధరల సూచీ, వేతన సూచీల్లో ఏది తక్కువైతే ఆ మేరకే ఏటా బాకీ పెరుగుతుంది. జీతం ఒక స్థాయి దాటాకే బాకీ కింద కోత మొదలవుతుంది. 2025-26లో ఆ స్థాయి 67,000 డాలర్లు. మీ ఇంటి బడ్జెట్‌లో ఇంత పెద్ద మొత్తాన్ని ఒక్క దరఖాస్తుతో తప్పించగల దారి మరొకటి లేదు.

పౌరసత్వం తీసుకుంటే ఊళ్లో పొలం పోతుందన్న భయంతో చాలామంది ఆగిపోతారు. మీరూ అందుకే ఆగి ఉంటే ఆ భయం వదిలేయండి. భారత పౌరసత్వం పోతుంది, నిజమే. అయితే విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. ఓసీఐ ఉన్నవారు వ్యవసాయ భూమి కొనలేరు, కానీ వారసత్వంగా వచ్చేది వస్తుంది. ప్రవాస భారతీయుడిగా ఇవాళ కూడా మీరు పొలం కొనలేరు కదా. మీరు పోగొట్టుకునేది ఏముంది? ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి. పౌరసత్వ పరీక్ష పాసైన రోజు కాదు, ప్రమాణం చేసిన రోజే మీరు పౌరుడవుతారు. ఆ తేదీ సెమిస్టరులో ఫీజులు ఖరారయ్యే సెన్సస్ తేదీకి ముందు ఉండాలి. 20 నెలలు వ్యవధి ఉందని వాయిదా వేయకండి.

ఇక అప్పు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 60 లక్షలకు నెలకు లక్షా 20 వేల వడ్డీ. నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి ఐదేళ్లు. వడ్డీ మీద వడ్డీ వేయకపోయినా 72 లక్షలవుతుంది, అసలుతో కలిపి కోటీ 32 లక్షలు. డాలరుకు 55 రూపాయల లెక్కన అది 2 లక్షల 40 వేల డాలర్లు. ఇంటర్న్‌గా మొదటి ఏడాది మూల వేతనానికి, ఫార్మసిస్టుగా ఇప్పుడు మీకు వస్తున్న జీతానికి పెద్ద తేడా ఉండదు. పెద్ద సంపాదన స్పెషలిస్టు అయ్యాకే, దానికి మళ్లీ ఏళ్ల శిక్షణ కావాలి. రెండేళ్లలో ఏ డబ్బుతో తీరుస్తారు? సీటే రాకపోతే? మూడో ఏడాదిలో మీకు జబ్బు చేస్తే? వడ్డీ ఒక నెల తప్పినా అప్పిచ్చినవారు ఫోను చేసేది మీకు కాదు, మీ నాన్నగారికి. పింఛను మీద బతుకుతున్న మనిషి తలుపు తట్టేది ఆయన పరిచయస్తులే. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా చెప్పలేను. ఆ పత్రం మీద ఆయన సంతకం పెట్టకూడదు. వడ్డీ తగ్గించినా వద్దు, బ్యాంకు ఇచ్చినా వద్దు. తల్లిదండ్రులు నివసిస్తున్న ఇల్లు మీ పోటీ పరీక్షకు పూచీకత్తు కాకూడదు.

అప్పు లేకుండా ఎలా అంటారు. మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం.

మీ 38,000 డాలర్లలో 31,200 తీసి వేరే ఖాతాలో వేయండి. ఆరు నెలల ఇంటి ఖర్చు అది. ఫీజుకు కాదు, పుస్తకాలకు కాదు, నెలనెలా వచ్చే లోటుకూ కాదు. ఊహించనిది జరిగినప్పుడే ఆ ఖాతా తెరవాలి. చాలామంది మిగులు సొమ్మునూ అత్యవసర నిధినీ ఒకే ఖాతాలో ఉంచి, ఆ మొత్తాన్ని నెలవారీ లోటుకు వాడేస్తారు. రెండో ఏడాది చివరికి ఖాతా ఖాళీ అవుతుంది. సరిగ్గా అప్పుడే ఆసుపత్రుల్లో శిక్షణ మొదలవుతుంది, అదనంగా పనిచేసే తీరిక పోతుంది.

కొన్నేళ్ల కిందట ఇలాంటి కోర్సే చదువుతున్న ఒకతను నా దగ్గరికి వచ్చాడు. మూడో ఏడాదిలో గ్రామీణ శిక్షణకు రెండు వందల కిలోమీటర్ల అవతలికి పంపారు. వెళ్లిన రెండో వారంలో కారు గేర్‌బాక్స్ పోయింది. బాగుచేయడానికి 4,800 డాలర్లు. అతని ఖాతాలో ఉన్నది 600. క్రెడిట్ కార్డుతో కట్టాడు, కార్డు తీర్చడానికి వ్యక్తిగత రుణం, రుణం వాయిదా కోసం రాత్రి షిఫ్టులు. రాత్రి షిఫ్టుల వల్ల ఒక పరీక్ష పోయింది, దాంతో ఏడాది వెనకబడ్డాడు. నా బల్ల మీద అతను పరిచిన రసీదుల్లో అన్నిటికంటే పైన ఉన్నది ఆ గేర్‌బాక్స్ రసీదే. బ్యాంకులో ఐదు వేలు విడిగా ఉండి ఉంటే ఆ ఏడాది పోయేది కాదు.

అత్యవసర నిధి పక్కన పెట్టాక మీ దగ్గర 6,800 మిగులుతాయి. చేరేలోపు 20 నెలలు, నెలకు 2,300 చొప్పున 46,000. మొత్తం 52,800. చదువు మొదలయ్యాక మీ భార్య జీతం పోగా ఇంటి ఖర్చుకు నెలకు 2,800 లోటు. మొదటి రెండేళ్లు వారానికి ఒక ఫార్మసీ షిఫ్టు చేస్తే సుమారు 1,600 వస్తాయి, లోటు 1,200కు తగ్గుతుంది. రెండేళ్లకు 28,800. మూడో ఏడాది నుంచి షిఫ్టులు లేవనుకోండి. అప్పటికి బాబు బడికి వెళ్తాడు. మీ భార్య పూర్తి సమయం పనిచేసి నెలకు 1,500 ఎక్కువ తెస్తే లోటు 1,300, రెండేళ్లకు 31,200. అంతా కలిపితే 60,000. ఇంకా 7,200 తక్కువ పడుతోంది. మొదటి రెండేళ్ల సెలవుల్లో అదనపు షిఫ్టులతో అది పూడుతుంది. విద్యార్థులకు ప్రభుత్వమిచ్చే ఆస్టడీ భత్యం కొంత రావచ్చు, భార్య ఆదాయాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి లెక్కలో కలపకండి. గుంటూరుకు పంపే 800 మాత్రం ఆ నాలుగేళ్లూ ఆపక తప్పదు. నాన్నగారికి ఇప్పుడే చెప్పండి. ఇంటిని తనఖా పెట్టడానికి సిద్ధపడిన మనిషి దీనికి బాధపడరు. ఇదంతా మీరు పౌరుడైతేనే సరిపోయే లెక్క అని మరవకండి.

బీమా. మీ సూపర్ (పదవీ విరమణ పొదుపు) ఖాతాలో ఉన్న జీవిత, వైకల్య బీమా, ఖాతాలో వరుసగా 16 నెలలు జమ లేకపోతే రద్దవుతుంది, దాన్ని కొనసాగించమని మీరు రాసి ఇస్తే తప్ప. ఆ వారానికొక షిఫ్టు మీ బీమాను కూడా బతికిస్తుంది. షిఫ్టులు మానేసేముందు ఫండ్‌కు రాసి ఇవ్వండి. అయితే నాకు అసలు ఆందోళన మీ భార్య గురించి. ఆ నాలుగేళ్లు ఇల్లు నడిచేది ఆమె జీతంతో. ఆమె బీమా గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. ఆమెకు జీవిత బీమా, ఆదాయ రక్షణ బీమా రెండూ మీరు ఉద్యోగం మానేయకముందే ఉండాలి. వారానికి మూడు రోజుల జీతానికి తీసుకున్న రక్షణను ఆమె పూర్తి సమయానికి మారాక పెంచండి.

మిగతావి క్లుప్తంగా. దరఖాస్తులో పూర్తి ఫీజు సీట్లను ఎంచుకోకండి. వాటి ఖర్చు మొత్తం మూడు లక్షల డాలర్లు దాటే చోట్లున్నాయి, పూర్తి ఫీజుకు పౌరులకు ప్రభుత్వమిచ్చే ఫీ-హెల్ప్ రుణ పరిమితి కూడా దానికి చాలదు. బాండెడ్ సీటు వస్తే కాదనకండి. రాయితీ సీట్లలో 28.5 శాతం అవే. చదువయ్యాక 18 ఏళ్లలోపు మూడేళ్లు నగరాలకు దూరంగా పనిచేస్తే చాలు. ఐర్లండ్, బ్రిటన్ దారులు మీకు విదేశీ విద్యార్థి ఫీజుతో వస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. కరేబియన్ దీవుల కళాశాలల ప్రకటనలు చూసినా అంతే. మీకు రాయితీ సీటు అర్హత ఉన్న దేశంలోనే మీరున్నారు.

ఈ మార్చిలో సీటు రాకపోతే ఉద్యోగం చేస్తూ ఇంకో ఏడాది ప్రయత్నించండి. అప్పటికి మీ దగ్గర ఇంకో 27,600 డాలర్లు చేరతాయి, పైన చెప్పిన 7,200 లోటు ఉండదు. ఆదివారం నాన్నగారికి ఫోను చేసినప్పుడు తనఖా పత్రాల సంగతి మొదట అడగండి. బయానా తీసుకుని ఉంటే ఈ వారంలోనే తిరిగి ఇచ్చి, ఇంటి దస్తావేజులు వెనక్కి తెచ్చుకోమని చెప్పండి.