ఫలితం ముందుగా చూసినవారు తప్పుకుంటే?

ప్రశ్న: పరస్పరం నమ్మకం లేని ఇద్దరు తమ రహస్య అంకెలను బయటపెట్టకుండానే, వాటితో ఉమ్మడిగా లెక్క చేసి ఫలితం తెలుసుకోవచ్చని చదివాను. చివరలో ఒకరు ఫలితం చూసుకుని, రెండోవారికి అందకముందే కనెక్షన్ తెంచుకుంటే దిక్కేమిటి? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు గుర్తించిన చిక్కు నిజమైనదే, అది ప్రోగ్రామ్ రాసినవారి అజాగ్రత్త వల్ల పుట్టింది కాదు. అంకెలను రహస్యంగా ఉంచడం ఒక హామీ అయితే, ఫలితం దక్కితే ఇద్దరికీ దక్కాలి, లేకుంటే ఎవరికీ దక్కకూడదన్నది వేరొక హామీ. ఈ రెండోదాన్నే ఫెయిర్‌నెస్ అంటారు. మొదటిదాన్ని ఇచ్చే పద్ధతులు 1980ల నుంచే ఉన్నా, రెండోది ఇద్దరి మధ్య అన్ని లెక్కలకూ సాధ్యం కాదని 1986లో రిచర్డ్ క్లీవ్ నిరూపించారు.

సందేశాలు వంతులవారీగా నడుస్తాయి కాబట్టి, ఎవరికీ ఏమీ తెలియని స్థితి నుంచి ఇద్దరికీ అంతా తెలిసిన స్థితికి చేరేలోగా, ఏదో ఒక సందేశం దగ్గర ఒకరు రెండోవారికంటే ముందుంటారు. మోసం తలపెట్టినవారు సరిగ్గా అక్కడే ఆగిపోవచ్చు. దూరంగా ఉన్న ఇద్దరు కంప్యూటర్ల ద్వారా బొమ్మా బొరుసా వేసుకోవడం వంటి చిన్న పనిలోనూ ఇంతే. వంతులు పెంచితే అన్యాయం ఆ మేరకు తగ్గుతుంది కానీ, పూర్తిగా తొలగిపోదు.

అయితే ఇద్దరున్న ప్రతిచోటా ఆశ వదులుకోవలసిన పని లేదు. ఇద్దరు ధనికుల్లో ఎవరి ఆస్తి ఎక్కువన్న ప్రసిద్ధ సమస్యను, ఆస్తి విలువల శ్రేణి పరిమితంగా ఉన్నప్పుడు, పూర్తి ఫెయిర్‌నెస్‌తో పరిష్కరించవచ్చని గార్డన్, హజాయ్, కాట్జ్, లిండెల్ 2008లో చూపారు. ఈ రంగంలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచిన ఫలితం ఇదే.

ఇద్దరికంటే ఎక్కువమంది ఉన్నచోట సాధారణంగా భరోసా ఇచ్చేది నిజాయితీపరుల ఆధిక్యం, అంటే పాల్గొనేవారిలో సగానికి మించి నిజాయితీగా నడుచుకోవడం. రహస్యాన్ని ముగ్గురికి వాటాలుగా పంచి, ఏ ఇద్దరి వాటాలు కలిసినా ఫలితం తెలిసేలా చేస్తే, చివరిలో ఒకరు తప్పుకున్నా మిగతా ఇద్దరూ దాన్ని తేల్చుకోగలరు. డెన్మార్క్‌లో 2008 జనవరిలో చక్కెర దుంప రైతుల ఉత్పత్తి ఒప్పందాల వేలాన్ని మూడు సర్వర్లతో ఇలా వాటాలు పంచే నడిపారు. కాకపోతే, సర్వర్లు నియమం తప్పవన్న నమ్మకం మీదే అక్కడి భద్రత ఆధారపడింది.

బిట్‌కాయిన్ వంటి వ్యవస్థల్లో ముందే డిపాజిట్ కట్టించుకుని, మధ్యలో తప్పుకున్నవారి సొమ్మును ఎదుటివారికి ఇప్పించే పద్ధతులు 2014 ప్రాంతంలో వచ్చాయి. అవి నష్టపరిహారం ఇస్తాయి, ఫలితాన్ని ఇవ్వవు. ఫలితం విలువ డిపాజిట్‌ను మించితే తప్పుకోవడమే లాభం అవుతుంది కనుక, డిపాజిట్ ఎంతన్నది ఒప్పందానికి ముందే తేల్చుకోవాలి.