పాత ఐసీ (ఎలక్ట్రానిక్ చిప్పు) మీద 7432 అని ఉంటే అది 1974లో తయారైనట్టా?

కాదు, 7432 ఆ ఐసీ రకం పేరు. తయారీ కాలం చెప్పేది దాని మీదే విడిగా ఉండే ఇంకో నాలుగంకెల సంఖ్య.

ఆ సంఖ్యలో మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారమో చెబుతాయి. ఒక లాటులో లోపం బయటపడితే ఏ వారం సరుకో పట్టుకోవడానికి కంపెనీలు ఈ ముద్ర వేస్తాయి. సేకరించేవాళ్ల కోసం కాదు.

కడపలో పాత రేడియో రిపేరు అంగడి డబ్బాలో ఎస్‌ఎన్7432ఎన్, కింద 7645 అని ఉన్న ఐసీ దొరికిందనుకోండి. రకం 7432, అంటే నాలుగు ఆర్ గేట్లున్న (వచ్చే సంకేతాల్లో ఏ ఒక్కటి ఆన్‌లో ఉన్నా ఆన్ అయ్యే చిన్న సర్క్యూట్లు) చిప్పు. తయారైంది 1976లో 45వ వారం, నవంబరు మొదట్లో.

చాలామంది తికమకపడేది 74 దగ్గరే. అది ఆ చిప్పుల కుటుంబం పేరు. 1990ల్లో తయారైన వాటి మీదా ఉంటుంది. ఆ కుటుంబంలోనే 7474 అనే రకాన్ని తేదీగా చదివితే 74వ వారం అవుతుంది, ఏడాదికి అన్ని వారాలెక్కడివి? రకం సంఖ్యకు ముందూ వెనకా సాధారణంగా అక్షరాలుంటాయి, తేదీ ముద్ర ఎక్కువగా ఒట్టి అంకెలే. సోవియట్ చిప్పుల మీద మాత్రం చాలావరకు వారం బదులు నెల ఉంటుంది. పాత ముద్ర గీకేసి కొత్తది కొట్టిన నకిలీలూ తిరుగుతుంటాయి, పైభాగం మరీ నున్నగా ఉంటే అనుమానించాల్సిందే.