సిగ్నలింగ్ ఇష్టం, సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం కావాలి: రెండూ కలుస్తాయా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సైబర్ సెక్యూరిటీలో స్థిరపడాలని ఉంది. రైల్వే సిగ్నలింగ్ అన్నా చాలా ఇష్టం. రెండూ కలిసే ఉద్యోగాలు ఉంటాయా? కంప్యూటర్ సైన్స్ చదవలేదని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉంటాయి. పైగా ఈ రంగంలో మీ బ్రాంచే మీకు బలం.

2023 ఆగస్టులో వాయవ్య పోలండ్‌లో ఒక్క రాత్రిలో 20కి పైగా రైళ్లు ఆగిపోయాయి. ఎవరూ ఏ సర్వర్‌లోకీ చొరబడలేదు. అక్కడి పాత అనలాగ్ రేడియోలో వరుసగా మూడు టోన్లు వస్తే, ఆ పరిధిలో ఉన్న రైళ్లకు ఎమర్జెన్సీ బ్రేకులు పడతాయి. ఆ టోన్లకు ఎన్‌క్రిప్షన్ లేదు. పంపింది ఎవరో సరిచూసుకునే పద్ధతీ లేదు.

అనుమానం వస్తే ఆపేయడం రైల్వేలో మొదటి సూత్రం. పట్టాల్లో కరెంటు పంపి రైలు ఉందో లేదో కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్‌నే చూడండి. పట్టాల మీదికి రైలు వచ్చినా, తీగ తెగినా రిలేకు (కరెంటుతో పనిచేసే స్విచ్‌కు) కరెంటు అందదు, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపులోకి మారుతుంది. ప్రాణాలు కాపాడే ఈ గుణాన్నే దాడి చేసేవాళ్లు ఆయుధంగా వాడుకుంటారు. మాల్వేర్ మాత్రమే చదివినవాళ్లకు ఈ సంగతి తట్టదు. మీకు తడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆఫీసు కంప్యూటర్‌కి ప్యాచ్ వేసినంత సులువుగా ఇంటర్‌లాకింగ్ (రైళ్లు ఢీకొనే దారులకు ఒకేసారి సిగ్నల్ ఇవ్వకుండా చూసే వ్యవస్థ) సాఫ్ట్‌వేర్‌ను మార్చలేం. చిన్న మార్పు చేసినా భద్రత మళ్లీ రుజువు కావాలి. పరికరాలు దశాబ్దాల పాటు పనిచేస్తాయి, వాటిలోని ఎన్‌క్రిప్షన్ మాత్రం అంతకాలం నిలవదు. చాలా దేశాల్లో రైళ్లకు వాడే జీఎస్‌ఎం-ఆర్ రేడియో ఇప్పటికీ 2జీ మీద కట్టిందే. దాని స్థానంలో 5జీ ఆధారిత ఎఫ్‌ఆర్‌ఎంసీఎస్ రాబోతోంది. మీరు ఉద్యోగంలో చేరే నాటికి పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడుస్తుంటాయి. మనుషుల అవసరం ఎక్కువగా ఉండేది అక్కడే.

కాబట్టి ఖరీదైన ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు నెట్‌వర్కింగ్ గట్టిగా నేర్చుకోండి. నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపించే వైర్‌షార్క్‌లో ప్యాకెట్లు చూసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగాలి. తర్వాత పారిశ్రామిక కంట్రోల్ వ్యవస్థల సైబర్ భద్రతా ప్రమాణం ఐఈసీ 62443, రైల్వేల కోసమే 2021లో వచ్చిన యూరోపియన్ పత్రం టీఎస్ 50701 చదవండి. సిగ్నలింగ్ పరికరాల కంపెనీలు, రైళ్లు నడిపే సంస్థలు, భద్రతను పరీక్షించే సంస్థలు 'ఓటీ సెక్యూరిటీ' (యంత్రాలు, పరికరాలను నడిపే వ్యవస్థల భద్రత) పేరుతో ఈ ఉద్యోగాలిస్తాయి.

ఒక్క మాట మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. నడుస్తున్న వ్యవస్థ జోలికి సరదాకైనా వెళ్లొద్దు. 2008లో పోలండ్‌లోని లోజ్ నగరంలో 14 ఏళ్ల పిల్లవాడు టీవీ రిమోట్‌ను మార్చి ట్రామ్ పాయింట్లను (పట్టాల దారి మార్చే భాగాలను) కదిపాడు. ట్రాములు పట్టాలు తప్పి 12 మంది గాయపడ్డారు.

ఆ ఆసక్తినంతా ఫైనలియర్ ప్రాజెక్టులో పెట్టండి. ఒక పీఎల్‌సీతో (యంత్రాలను నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటర్‌తో) రెండు పాయింట్లు, నాలుగు సిగ్నళ్ల చిన్న ఇంటర్‌లాకింగ్ కట్టండి. దానికి దొంగ కమాండ్ పంపి, పాయింటు కదిలిందా, సిగ్నల్ ఎరుపులో నిలబడిందా అన్నది రాసుకోండి. ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్కే పట్టుకెళ్లండి.