పాత రైలింజన్ల ఊరేగింపు స్లైడ్లలో ఏ ఇంజను ఏదో గుర్తుపట్టడం ఎలా?

మీ పెదనాన్నగారు ఇంగ్లండులో ఉద్యోగం చేసిన రోజుల్లో తీసిన రంగు స్లైడ్ల పెట్టె దొరికిందని, దాని మీద ‘రైల్వే 150’ అని తప్ప ఇంకేమీ రాసి లేదని, అందులో వరుసగా కనిపిస్తున్న ఆవిరి ఇంజన్ల పేర్లు ఎలా తెలుసుకోవాలో చెప్పమని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇంగ్లండు ఈశాన్య ప్రాంతంలో ఉంటున్నాను. ఇక్కడ నాకు పరిచయమైన ఒక పెద్దాయన వదిలివెళ్లిన ఇలాంటి స్లైడ్లనే ఆయన కుటుంబం కోసం ఒక క్రమంలో పెట్టిచ్చాను. ఆ పనిలో నాకు అర్థమైనదేమిటంటే, ఇంజను మీద రాసి ఉన్న నంబరును అన్నిటికన్నా చివర నమ్మాలి. చక్రాలు, సిలిండర్లు, బాయిలరు ఏం చెబుతున్నాయో చూసిన తరువాతే నంబరు దగ్గరకు వెళ్లాలి.

అంతకంటే ముందు అది ఏ ఊరేగింపో తేల్చుకోవాలి, ఎందుకంటే ‘150’ అన్న అంకెకు రెండు సందర్భాలు సరిపోతాయి. స్టాక్టన్–డార్లింగ్టన్ రైలుమార్గం 1825 సెప్టెంబరు 27న మొదలైంది. దాని 150 ఏళ్ల పండుగగా 1975 ఆగస్టు 31న షిల్డన్ నుంచి హైయింగ్టన్ వైపు ఇంజన్ల ఊరేగింపు జరిగింది. లివర్‌పూల్–మాంచెస్టర్ మార్గం 1830లో మొదలైంది. దానికి 1980 మే 24 నుంచి 26 వరకు, 1829లో ఆ మార్గానికి ఇంజన్ల పోటీలు జరిగిన రెయిన్‌హిల్‌లోనే మరో ఊరేగింపు నడిచింది. ఈ రెండింటినీ విడదీయడానికి తేలిక దారి ఒకటుంది. పసుపు రంగు పూసి, ఎత్తైన తెల్లటి పొగగొట్టం పెట్టిన ‘రాకెట్’ (ఆ 1829 పోటీల్లో గెలిచిన ఇంజను) మీ స్లైడ్లలో ఆవిరితో నడుస్తూ కనిపిస్తే అవి 1975 నాటివి కావు, ఎందుకంటే నడిచే ఆ నమూనాను తయారు చేసింది 1979లో. అలాగే వాలు ముక్కు డీజిల్ రైలు కనిపిస్తే దాని ముఖాన్ని గమనించండి. డ్రైవరు ముందు మధ్యన ఒకే చిన్న అద్దం, కింద బఫర్లు ఉంటే అది హైస్పీడ్ రైలుకు తొలి నమూనా, అంటే షిల్డన్‌కు వచ్చినది; ప్రయాణికుల కోసం తయారైన అసలు రైళ్లు 1976లో గాని పట్టాలెక్కలేదు, వాటి అద్దం వెడల్పుగా ఉంటుంది. స్లైడు అట్ట మీద నెల, సంవత్సరం ముద్ర ఉంటే ఈ తంటా అంతా తప్పుతుంది కాబట్టి ముందు అదే చూడండి.

ఇక నంబర్ల సంగతి. 1923 నుంచి బ్రిటన్‌లో నాలుగు పెద్ద రైల్వే కంపెనీలు ఉండేవి. 1948లో వాటిని జాతీయం చేసినప్పుడు, లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ ఇంజన్ల పాత నంబరుకు 60,000, లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ వాటికి 40,000, సదరన్ వాటికి 30,000 సాధారణంగా కలిపారు. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లకు మాత్రం నంబర్లు మార్చలేదు. వాటి క్యాబ్ (డ్రైవరు నిలబడే గది) పక్కన నంబరు రంగుతో రాసినది కాదు, పోతపోసిన లోహపు పలక. అందుకే గ్రేట్ వెస్టర్న్ ఇంజను నంబరును ఉన్నదున్నట్టుగా తీసుకోవచ్చు. మిగతా వాటి విషయంలో, ఇంజను సర్వీసు నుంచి తప్పుకున్నాక దానిని కొనుక్కున్నవారు తమకు నచ్చిన కాలపు రంగు, ఆ కాలపు నంబరు వేయిస్తారు. ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ 1923లో డాంకాస్టర్ కార్ఖానా నుంచి 1472గా బయటకు వచ్చి, మరుసటి ఏడాది 4472 అయి, 1946లో కొన్నాళ్లు 502గా, తరువాత 103గా ఉండి, జాతీయీకరణ తరువాత 60103 అయింది. 1963లో ప్రైవేటు వ్యక్తి చేతికి వెళ్లాక మళ్లీ 4472 అయింది. ఒక్క ఇంజనుకే ఇన్ని నంబర్లుంటే పాత పుస్తకంలో నంబరు వెతికి ‘ఇది ఫలానా సంవత్సరంలో ఇలా ఉండేది’ అనుకోవడం ఎంత ప్రమాదమో ఊహించండి.

‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ లాగే లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ కంపెనీకి చెందిన, నీలి రంగు, గాలిని చీల్చుకుపోయే ఆకారం గల ‘సర్ నైజెల్ గ్రెస్లీ’ని దగ్గరగా చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. 1975లో దాని మీద 4498 అని ఉంది, రంగు కూడా 1930ల నాటి నీలమే. కాని 1937లో తయారైనప్పుడు దాని చక్రాలను సగం వరకు కప్పుతూ పక్క రేకులు ఉండేవి. యుద్ధకాలంలో మరమ్మతులకు అడ్డమని ఆ తరగతి ఇంజన్లన్నింటికీ వాటిని విప్పేశారు. మొదట ఒంటిగా ఉన్న పొగగొట్టం స్థానంలో 1950లలో జంట పొగగొట్టం పెట్టారు. పక్కనుంచి చూస్తే అది పొడుగ్గా కనిపిస్తుంది. కాబట్టి మీ స్లైడులో ఉన్న ఇంజనుది 1937 నాటి రంగు, నంబరు, కాని ఒళ్లు 1950ల చివరినాటిది. ఇంకొక అడుగు ముందుకు వేసినవి కూడా ఉన్నాయి. ఆపిల్ పచ్చ రంగులో 2005 అన్న నంబరుతో కనిపించే 2-6-0 ఇంజను అసలు 1949లో, అంటే ఆ కంపెనీ అంతరించిన తరువాత, 62005గా తయారైంది. ఆ పచ్చ రంగు, ఆ నాలుగంకెల నంబరు అది సర్వీసులో ఉండగా ఎన్నడూ ధరించలేదు. చూడటానికి ముచ్చటగా ఉంటుందని చేసిన పనే గాని, చరిత్రగా తీసుకుంటే పొరపాటు పడతాం. నాకైతే ఇలాంటి అలంకారాలు అంతగా నచ్చవు.

2-6-0 వంటి లెక్క మీకు కొత్తయితే, అది ముందు చిన్న చక్రాలు, మధ్యన నడిపించే పెద్ద చక్రాలు, వెనుక మోసే చక్రాలు ఎన్నో చెబుతుంది. ఫొటోలో ఒక పక్కే కనిపిస్తుంది కాబట్టి కనిపించిన వాటిని రెట్టింపు చేయాలి, టెండరు (వెనుక బొగ్గు, నీళ్లు మోసే బండి) చక్రాలను కలపకూడదు. ఈ ఒక్క లెక్కతోనే సగం ఇంజన్లు విడిపోతాయి. ఉదాహరణకు ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ను, ‘గ్రీన్ ఆరో’ను కొంచెం దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి: రెండింటిదీ అదే పచ్చ రంగు, రెండూ ఆ కంపెనీ ఇంజనీరు గ్రెస్లీ రూపొందించినవే, రెండింటి ఫైర్‌బాక్సు (బొగ్గు మండే భాగం) పైభాగమూ గుండ్రమే. కాని మొదటిదానికి సిలిండరు దగ్గర ఒక పక్కన రెండు చిన్న చక్రాలు కనిపిస్తాయి, రెండవదానికి ఒక్కటే. అంటే ఒకటి 4-6-2, మరొకటి 2-6-2. పెద్ద చక్రాల వ్యాసంలో కూడా ఆరు అంగుళాల తేడా ఉంది గాని, ఫొటోలో కంటితో అది పట్టుకోవడం కష్టం. పక్కన అయిదేసి పెద్ద చక్రాలతో పచ్చ ఇంజను కనిపిస్తే మాత్రం ఎక్కువ ఆలోచించనక్కర్లేదు, అది ‘ఈవెనింగ్ స్టార్’ అయి ఉంటుంది. 1960లో స్విండన్‌లో తయారైన అది, బ్రిటిష్ రైల్వేస్ తనకోసం కట్టించిన చివరి ఆవిరి ఇంజను. అదే తరగతిలోని మిగతా ఇంజన్లు నలుపు. దీని పొగగొట్టం అంచుకు రాగి తొడుగు కూడా ఉంటుంది. నల్లటి చిన్న 2-4-0 ఇంజను చక్రం మీద వంపు తిరిగిన పేరు పలకతో వస్తే ‘హార్డ్‌విక్’ కావచ్చు. 1895లో క్రూ నుంచి కార్లైల్ వరకు 141 మైళ్లను 126 నిమిషాల్లో లాగిన ఇంజను అది.

చక్రాల తరువాత ఫైర్‌బాక్సు భుజాలు చూడండి. క్యాబ్‌కు ముందున్న భాగం పైన గుండ్రంగా జారితే ఈశాన్య కంపెనీ, అంటే లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ వైపు, పెట్టెలా చదునుగా, మూలలు తేలి ఉంటే మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ లేదా గ్రేట్ వెస్టర్న్ వైపు మొగ్గవచ్చు. ఈ చివరి రెండింటిలో ఏదో తేల్చడానికి, బాయిలరు మధ్యన మెరిసే ఇత్తడి తొడుగు, రాగి అంచు పొగగొట్టం ఉన్నాయేమో చూస్తే చాలు. ఉంటే గ్రేట్ వెస్టర్న్.

షిల్డన్ స్లైడ్లే అయితే ‘బ్లాక్ ఫైవ్’ అనే నల్లటి 4-6-0 ఇంజన్లలో ఒకదాన్ని నిదానంగా చూడమని కోరుతున్నాను. ఈ రకం ఇంజన్లు మొత్తం 842 తయారయ్యాయి. ఒకదానినుంచి మరొకదాన్ని వేరు చేయడం మామూలుగా నంబరు లేకుండా సాధ్యం కాదు. 1947 చివర్లో తయారైన 4767 ఒక్కటే మినహాయింపు. మిగతా వాటిలో చాలావరకు నడిపించే చక్రం బయట ఉన్న చిన్న క్రాంకు నుంచి ఒకే కడ్డీ ముందుకు వెళ్లి, ఊగే వంపు ముక్కను కదిలిస్తుంది. 4767లో రెండు కడ్డీలు పక్కపక్కనే వెళ్లి ఆ ముక్క పై కొసనూ కింది కొసనూ పట్టుకుంటాయి. ఇది స్టీఫెన్సన్ పద్ధతి. ఆ తరగతిలో దాన్ని ఇంజను బయట పెట్టినది ఈ ఒక్కదానికే. 1975 ఉత్సవాల్లోనే దానికి ‘జార్జ్ స్టీఫెన్సన్’ అని పేరు పెట్టారు. నేను చూసిన స్లైడ్లలో దాని నంబరు ఎవరిదో టోపీ వెనుక దాగిపోయింది, పేరు పలక ఎండకు తెల్లబారిపోయింది. ఆ రెండు కడ్డీల వల్లే అదేదో తేలింది.

పొగ వస్తోంది కదా, అసలైన ఇంజనే నడుస్తోంది అనుకోవడం కూడా సరికాదు. 1925 జులై 2న జరిగిన శతవార్షిక ఊరేగింపు ఫిల్ము మీకు ఎక్కడైనా కనిపిస్తే, అందులో స్టాక్టన్–డార్లింగ్టన్ మార్గపు తొలి ఇంజను, 1825 నాటి అసలు ‘లోకోమోషన్’ పొగ కక్కుతూ వెళుతుంది. దాని బాయిలరు అప్పటికే ఆవిరికి పనికిరాదు. టెండరులో పెట్రోలు ఇంజను దాచి దాన్ని నడిపించారు, పొగగొట్టంలో నూనె గుడ్డలు కాల్చి పొగ పుట్టించారు. 1975లో కనిపించేది మాత్రం కొత్తగా చేసిన నమూనా, అది నిజంగానే ఆవిరితో నడిచింది. బాయిలరు పైనుంచి నిలువుగా లేచిన సిలిండర్లు, వాటి మీద అటూ ఇటూ ఊగే కడ్డీలు దాని గుర్తు. ఈ నమూనాను దగ్గరుండి చేయించిన మైక్ సాటో అంతకుముందు భారతదేశంలో ఐసీఐ అనే రసాయనాల కంపెనీలో పనిచేసినవారే. 1977లో తెరిచిన ఢిల్లీ రైలు మ్యూజియం రూపుదిద్దుకోవడంలో ఆయన సలహాలున్నాయి, కనుక మనవాళ్లు ఢిల్లీలో చూసే పాత ఇంజన్లకూ షిల్డన్ ఊరేగింపుకూ ఇలా ఒక చుట్టరికం ఉంది. 1925, 1975 ఉత్సవాలు రెండింటిలోనూ ఉన్న అసలు ఇంజను కావాలంటే 910 నంబరు గల 2-4-0ను వెతకండి. 1875లో గేట్స్‌హెడ్‌లో తయారైన అది ఆ ఏడాది స్వర్ణోత్సవంలోనూ, 1925లోనూ, 1975లోనూ పాల్గొంది.

రైలుపెట్టెలు, వ్యాగన్ల విషయంలో రంగు మోసం మరీ ఎక్కువ. ముదురు ఎరుపు పెట్టె కనిపిస్తే అది మిడ్‌లాండ్ పాత పెట్టె కావచ్చు, 1950ల తరువాత బ్రిటిష్ రైల్వేస్ అదే ఛాయలో రంగు వేసిన ఉక్కు పెట్టె అయినా కావచ్చు. పక్కగోడ మీద చెక్క బద్దీలతో గడులు కట్టి ఉంటే పాతది. రేకు నున్నగా ఉంటే తరువాతి కాలానిది. కప్పు మధ్యభాగం ఎత్తుగా లేచి, దాని పక్కల చిన్న అద్దాలు ఉంటే 19వ శతాబ్దపు చివరి, 20వ శతాబ్దపు తొలి ఏళ్ల వైపు వెళ్లవచ్చు. వార్నిష్ వేసిన టేకు చెక్క కనబడితే ఈశాన్య కంపెనీ లేదా దాని పూర్వీకులు. కింది చట్రం మీద చిన్న ఇనుప పలక ఒకటి ఉంటుంది, దాని మీద కట్టిన చోటు, సంవత్సరం ఉంటాయి; స్లైడును పెద్ద రిజల్యూషన్‌లో స్కాన్ చేయిస్తే కొన్నిసార్లు అది చదవగలం. కింది వైపు సన్నబడే నల్లటి చిన్న బొగ్గు బండ్లు చాల్డ్రన్ వ్యాగన్లు. ఒక్కోదాని కొలత 53 హండ్రెడ్‌వెయిట్లు, అంటే దాదాపు 2.7 టన్నులు.

స్కాన్ చేయించేటప్పుడు స్లైడు తిరగబడకుండా చూసుకోండి. అక్షరాలు అద్దంలోలాగా కనిపిస్తే తెలుస్తుంది గాని, అక్షరాలే లేని ఫొటోలో తెలియదు. వరుసలోని మిగతా స్లైడ్లలో ఇంజన్లు ఏ దిక్కుకు పోతున్నాయో దానితో పోల్చండి. ఫొటోలను కత్తిరించకుండా, పెట్టెలో ఉన్న వరుస చెడకుండా అంకెలు వేసి ఉంచండి, ఎందుకంటే ఊరేగింపుకు అచ్చువేసిన కార్యక్రమ పుస్తకం పాత పుస్తకాల దుకాణాల్లో దొరికితే అందులోని వరుసతో మీ వరుసను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. రెండు మూడు ఇంజన్లు ఖాయంగా తేలితే మధ్యలోవి వాటంతటవే చాలావరకు సర్దుకుంటాయి. తేలనివి మిగిలితే ఇక్కడే పెట్టండి. నంబరు కనిపించే ఫొటో కంటే, సిలిండరు నుంచి టెండరు వరకు పక్క మొత్తం కనిపించే ఫొటో ఎక్కువ ఉపయోగపడుతుంది.