తాళాల గుత్తికి ఏ చాకు?

ప్రశ్న: ఖమ్మంలో మా మావయ్యగారి మందుల షాపు నేనే చూసుకుంటున్నానండీ. రోజంతా అట్టపెట్టెలు విప్పడం, టేపులు కోయడం, మాత్రల స్ట్రిప్పులు కత్తిరించడమే పని. రోడ్డు పక్కన రెండు వందలు పెట్టి కొన్న మడత చాకు మూడు నెలలకే కీలు వదులై ఊగుతోంది. బండి తాళాల గుత్తికే తగిలించుకునేంత చిన్నది, ఏళ్ల తరబడి మన్నేది చెప్పండి. మా బావ వచ్చే నెల డాలస్ నుంచి వస్తున్నాడు, లెదర్‌మాన్ కంపెనీ మైక్రా (కత్తెర, బ్లేడు వగైరా ఒకదాన్లోనే మడిచే చిన్న పనిముట్టు) తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్ట్రిప్పులు కత్తిరించాలి అన్నారు చూడండి, మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. చాకు కావాలని అడిగేవాళ్లలో చాలామందికి రోజూ అక్కరకొచ్చేది కత్తెర. అందుకని కత్తెర లేని బుల్లి చాకులన్నీ, ఎంత ముద్దొచ్చినా సరే, పక్కన పెట్టేయండి.

నేనైతే స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ వాళ్ల క్లాసిక్ ఎస్‌డీ అనే బుల్లి మడత చాకు తీసుకోమంటాను. మూసినప్పుడు పొడవు 58 మిల్లీమీటర్లు, బరువు 20 గ్రాములకి కాస్త అటూ ఇటూ, అంటే గుత్తిలో ఇంకో రెండు తాళాలు చేరినట్టే. అందులోనే చిన్న బ్లేడు, కత్తెర, గోళ్లు రాసుకునే రేకు, ఆ రేకు కొసన స్క్రూడ్రైవర్ (ఎస్‌డీ అంటే అదే), పిడిలోకి దూర్చిన పట్టకారు, టూత్‌పిక్ ఉంటాయి. కత్తెర చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ మాత్రల రేకుని, కొరియర్ కవర్ని, ప్లాస్టిక్ ట్యాగుని చక్కగా కోస్తుంది.

ఇందులో రెండు రకాల పిడులు దొరుకుతాయి, ఇక్కడ మాత్రం కాస్త ఆలోచించి కొనండి. ఎర్ర ప్లాస్టిక్ పిడి అందంగా ఉంటుంది, కానీ జేబులో తాళాలతో కలిసి తిరిగితే గీతలు పడుతుంది. నా పాతదాని మీద తెల్ల శిలువ గుర్తు సగం అరిగిపోయింది, పట్టకారు ఎప్పుడు ఎక్కడ జారిపోయిందో కూడా తెలియదు. అల్యూమినియం పిడి ఉన్న ఆలాక్స్ రకంలో పట్టకారు, టూత్‌పిక్ ఉండవు, కాబట్టి జారిపోవడానికీ ఏమీ లేదు, పైగా ఇంకా పల్చన. తాళాల గుత్తికైతే నా ఓటు ఆలాక్స్‌కే.

మైక్రా మంచిదే, చాలా మంచిది. దాని కత్తెర క్లాసిక్ కత్తెర కన్నా పెద్దది, గట్టిది. కానీ బరువు 51 గ్రాములు, రెట్టింపు దాటింది. బండి తాళానికి వేలాడదీస్తే గతుకుల్లో ఊగుతూ బండిని టకటకా కొడుతూనే ఉంటుంది. మీ బావ ప్రేమగా తెస్తానంటే వద్దనకండి, అది కౌంటర్ సొరుగులో పెట్టుకోండి, గుత్తికి మాత్రం చిన్నదే. అయితే ఆయనకి ఒక్క మాట ముందే చెప్పండి: చెకిన్ సూట్‌కేసులో పెట్టమనండి, చేతిసంచిలో వద్దు. నేను ఒకసారి గుత్తిలో చాకు ఉన్న సంగతే మర్చిపోయి విమానాశ్రయం తనిఖీలో పోగొట్టుకున్నాను. ఆరేళ్లు నా జేబులో ఉన్నది, ప్లాస్టిక్ డబ్బాలో పడుతుంటే ప్రాణం ఉసూరుమంది. మీరు కూడా ప్రయాణం రోజు దాన్ని గుత్తి నుంచి తీసి ఇంట్లోనే పెట్టి వెళ్లండి.

మీ పాత చాకు ఎందుకు పాడైందంటే, మడత చాకు మన్నికంతా కీలు దగ్గరి రివెట్‌లోనే ఉంటుంది. అది మెత్తటి లోహమైతే తెరిచి మూసినప్పుడల్లా రంధ్రం పెద్దదవుతుంది. కొనేటప్పుడు బ్లేడు తెరిచి, వెనక వీపు వైపు పట్టుకుని, కుడికీ ఎడమకీ మెల్లగా ఊపి చూడండి. కదలకూడదు. మూసేటప్పుడు చివర్లో టక్‌మని తనంతట తనే లోపలికి లాక్కోవాలి. నకిలీలు చాలానే తిరుగుతున్నాయి కాబట్టి బ్లేడు మొదట్లో కంపెనీ పేరు, స్విట్జర్లాండ్ ముద్ర స్పష్టంగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఇంకో జాగ్రత్త, ఈ బ్లేడుకి లాకు ఉండదు. అట్టపెట్టెలోకి పొడిచి తిప్పితే మడుచుకుని వేళ్ల మీదకే వస్తుంది. టేపు మీద ఆనించి లాగండి, పొడవకండి.

ప్రశ్న: నా దగ్గర ఈ క్లాసిక్ ఎస్‌డీ చాకే ఉంది. బిగుసుకుపోతోందని కొబ్బరినూనె వేశాను, ఇప్పుడు ఇంకా జిగురుగా తయారైంది. పదును కూడా పోయింది. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కొబ్బరినూనె కొన్నాళ్లకి దుమ్మునీ జేబులోని నూలుపోగుల్నీ పట్టుకుని ముద్ద కడుతుందమ్మా. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, నీళ్లలోనే బ్లేడునీ కత్తెరనీ పదిసార్లు తెరిచి మూయండి, పంటిపుల్లతో మూలల్లో మురికి తీయండి, బాగా ఆరాక కీళ్ల దగ్గర కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేయండి చాలు. టేపు జిగురు వదిలించడానికి గోళ్లరంగు తీసే ద్రవం మాత్రం పెట్టకండి, ప్లాస్టిక్ పిడి కరిగిపోతుంది.

పదునుకి సానరాయి లేకపోతే పింగాణీ టీకప్పు బోర్లించండి. అడుగున గ్లేజు లేని గరుకు వలయం ఉంటుంది కదా, దాని మీద బ్లేడుని కొద్దిగా ఏటవాలుగా ఆనించి, మొదలు నుంచి కొసదాకా, ఒత్తిడి పెట్టకుండా, అటు పదిసార్లు ఇటు పదిసార్లు లాగండి. ఈ ఉక్కు మరీ గట్టిది కాదు, అందుకే తొందరగా మొండిబారుతుంది, అంతే తొందరగా పదునూ ఎక్కుతుంది. ఆ తర్వాత ఒక కాగితం నిలువుగా పట్టుకుని కోసి చూడండి, చిరగకుండా సర్రున తెగితే అయిపోయినట్టే.